గీతలు లెక్కపెట్టండి

వానలు వెనకబట్టిన రోజులు, పొద్దున తొమ్మిది. నల్లగొండ పక్కనే పానగల్లు. ఉదయసముద్రం కట్ట దిగుతున్నారు మీరు. కందూరు చోడుల నాటి చెరువు ఇది, ఇప్పుడు కృష్ణా నీళ్లు నింపుకొనే రిజర్వాయరు. రాళ్లు పేర్చిన చోట ఆగకండి, అక్కడ పని లేదు. తుంగ దట్టంగా మొలిచి, నీళ్లు మడమ మునిగేంతే ఉన్న మూలకు రండి. జారుతుంది, చెప్పులు చేతబట్టుకోండి. మీ నీడ నీళ్ల మీద పడకుండా కూర్చోండి.

కాసేపు ఏమీ కనబడదు. ఆ తర్వాత ఒక పోచ మీద సూదంత నీలం కదులుతుంది. రెక్కలు వీపు మీదికి మూసుకుంది. కళ్లు తలకు చెరో పక్కన ఎడంగా ఉన్నాయి. పెద్ద తూనీగలైతే రెక్కలు పరుచుకుని కూర్చుంటాయి. ఇది సన్న తూనీగే.

ఏ రకం అన్నదే చిక్కు. మన చెరువుల మీద నీలివి చాలా ఉన్నాయి. ముందు ముఖం చూడండి. నారింజ రంగులో మెరిస్తే సూడాగ్రియాన్ రూబ్రిసెప్స్ మగది, అక్కడితో తేలిపోయినట్టే. దీని ముఖం లేత నీలం. బైనాక్యులర్ వీపు మీదికి తిప్పండి. వెడల్పాటి నల్లపట్టీ ఉంటే అదే సూడాగ్రియాన్‌లలో మైక్రోసెఫాలం కావచ్చు, సన్నగీతలు మూడుంటే డెకోరం. రెండింటినీ 1842లో లోకానికి పరిచయం చేసింది ఫ్రెంచి కీటకశాస్త్రవేత్త రాంబూరే. పట్టీ కనబడితే మాత్రం ఫొటో చూసి తీర్పు చెప్పేయకండి. దాన్ని పోలినవి వేరే ఉన్నాయి, తోక కొసన ఉండే కొక్కేలను భూతద్దంలో చూడాల్సిందే.

గాలికి పోచ ఊగింది, లెక్క తప్పింది. లేచిపోయింది కూడా. కంగారేం లేదు, మళ్లీ అక్కడక్కడే వాలుతుంది. వాలింది. నడుమ ఒకటి, అటొకటి, ఇటొకటి. డెకోరం!

పక్కనే ఒక జంట. మగది తోక కొసతో ఆడదాని మెడ పట్టుకుని ఉంది. ఆడదానికి అంత మెరుపు లేదు. అది నీటిమొక్క కాడను చీల్చి లోపల గుడ్లు పెడుతోంది. పిల్లలు నీళ్లలోనే, తోక చివర మూడు మొప్పలతో, దోమ లార్వాల్ని తింటూ పెరుగుతాయి. కాడ లేకపోతే గుడ్డు లేదు. నున్నటి సిమెంటు ఒడ్డున ఇవెందుకు కనబడవో వేరే చెప్పాలా?

మీ ఊరి చెరువు కట్టను బాగుచేయిస్తున్నప్పుడు, ఒడ్డున తుంగ మొత్తం గీకేయకుండా ఒక పక్కనైనా వదిలేయమని సర్పంచికి చెప్పండి.