ఈ-పుస్తకాల గడప ఎత్తు



ఈ-పుస్తకమనగానే వెనుకాడే పెద్దవారిని “సాంకేతిక పరిజ్ఞానం లేనివారు” అని ఒక్కమాటతో తేల్చివేయడం మనలో పరిపాటి అయినది. ఆ మాటతో నేను ఏకీభవించలేను. వారు ఆగిపోయిన చోట గడప ఎత్తుగా ఉన్నది. అది అంత ఎత్తుకు ఎట్లా లేచినదో చెప్పుకోవలసి ఉన్నది.

చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పది లక్షల పుస్తకాల పథకం తలపెట్టారు. అందులో భాగమైన భారత డిజిటల్ లైబ్రరీకి గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఒక ప్రధాన కేంద్రంగా ఉండేది. 2000 తరువాతి దశకంలో మన పాత తెలుగు గ్రంథాలెన్నో అక్కడ ఛాయాచిత్రాలైనవి. అది నిజంగా మహోపకారం. అయితే పుటలన్నీ టిఫ్ చిత్రాలు. బ్రౌజరులో చూడాలంటే వేరొక ప్లగిన్ కావలెను. చూచినా ఒక్కొక్క పుటే తెరచుకొనేది. పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, అదీ తలకొక తీరుగా, నమోదైనవి. “శబ్దరత్నాకరము” కావలసిన పండితుడు ఆ పేరును ఇంగ్లీషు అక్షరాలలో ఎన్ని విధాల చెడగొట్టవచ్చునో ముందుగా ఊహించుకోవలసి వచ్చేది!

1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ వెంట పల్లెలకు నడిపించారు. పాఠకుడు చేయవలసినదల్లా రేవుకు రావడమే. డిజిటల్ పుస్తకానికి అటువంటి రేవు చాలాకాలం కట్టలేదు.

కిండిల్ 2007 నవంబరులో అమెరికాలో వెలువడి, 2012లో మన దేశంలో రూపాయలకు అమ్మకానికి వచ్చినది. అంతకు ముందే, 2010లో, తెలుగు ఈ-పుస్తకాల కొరకు ‘కినిగె’ ఆరంభమైనది. కొనడమే కాక అద్దెకు తీసుకొనే వీలు కూడా అక్కడ ఉండేది. కాని కొన్న పుస్తకం చదవాలంటే అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే సాఫ్ట్‌వేరు దింపుకొని, వేరొక ఖాతా తెరచి, యంత్రాన్ని దానితో ముడిపెట్టవలసి ఉండేది. దొంగ నకళ్ల నుండి రచయితలను కాపాడడానికి అది అవసరమే కావచ్చును. కొత్తవానికి మాత్రం అది తలుపు ముందు మరొక తలుపు.

ఇంతకన్న పెద్ద చిక్కు అక్షరంలోనే ఉన్నది. మా బాలానగరులో నావలె విశ్రాంతి తీసుకొంటున్న ఒక లెక్కల మాస్టారు, “ఏమండీ, ఇంగ్లీషు నవలలో అక్షరం ఎంత కావాలంటే అంత పెరిగి వాక్యం దానంతటదే సర్దుకొంటున్నది. తెలుగు పుస్తకంలో పుట మొత్తం ఉబ్బి అంచు దాటిపోతున్నదేమి?” అని నన్నడిగారు. లెక్క తప్పని ప్రశ్న! మన ప్రచురణకర్తలు అత్యధికులు అను ఖతులతో పుస్తకాలు కూర్చారు. వాటిలో ఇంగ్లీషు అక్షరాలకు చెందిన సంకేతాల మీద తెలుగు గుణింతాల, వత్తుల ముక్కలను కూర్చోబెట్టారు. ఖతి తీసివేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే. కనుక ఆ పుస్తకం పీడీఎఫ్‌గా, పుట కొలతలు మారకుండా రావడమే సులభం. ఆరంగుళాల తెర మీద దానిని పక్కకు జరుపుకొంటూ చదవాలి. చూపు తగ్గినవారికి ఈ-పుస్తకం ఇవ్వగల ముఖ్యమైన మేలు, అక్షరం పెద్దది కావడం, సరిగ్గా వారికే దక్కలేదు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినది. అయినా 2016 డిసెంబరులో అమెజాన్ వారు కిండిల్‌కు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నవి, తెలుగు లేదు. ఇంతమంది పాఠకులున్న భాషను వదలివేయడం నాకు నేటికీ మింగుడుపడదు.

ఈ గడపను తగ్గించే పని ఎక్కువగా జీతం లేనివారే చేశారు. 2005లో మొదలైన తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు స్కాను పుట పక్కన పెట్టుకొని, యూనికోడ్‌లో పాఠం ఎక్కించి, అచ్చుతప్పులు దిద్దుతున్నారు. అట్లా సిద్ధమైన పుస్తకాన్ని ఈపబ్‌గా దింపుకోవచ్చును. అందులో అక్షరం పెరిగితే వాక్యం సర్దుకొంటుంది. మాస్టారుకు మొదట అదే తెరచి ఇచ్చాను. ఖాతాలు, కొనుగోళ్లు తరువాతి పాఠం. అరసున్నకూ శకటరేఫకూ తేడా తెలిసిన కళ్లు ఆ దిద్దుబాటుకు ఎంతో అవసరం. అటువంటి కళ్లున్న విశ్రాంత తెలుగు పండితులు ఊరికి ఇద్దరు ముగ్గురైనా ఉన్నారు. వారిని ఇంకా ఎవరూ పిలవలేదు.