తీరిక వేళల చేతిపని

నర్సాపురం లేసు గురించి ఎవరు మాట్లాడినా ఒక మాట తప్పకుండా దొర్లుతుంది: "ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పని." ఆ తీరిక ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామనిపించింది నాకు.

గోదావరి డెల్టాకి లేసు సూది పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. క్రైస్తవం పుచ్చుకున్న పేద దళిత కుటుంబాల ఆడవాళ్లకి దొరసానులు అల్లిక నేర్పారు. అల్లినదాన్ని సీమకి పంపి అమ్మించారు. అది కూటికి ఆసరాగా మొదలైన పని, సరదాగా మొదలైంది కాదు. తర్వాత మిషన్ ఆవరణ దాటి వ్యాపారుల చేతుల్లోకి, కాపు కుటుంబాల ఇళ్లలోకి వెళ్లింది.

1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం వచ్చి ఈ స్త్రీల మధ్య పరిశోధన చేసింది. 1982లో ఆమె పుస్తకం వచ్చింది. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవాళ్లు వీళ్లు. రోజు మొత్తానికి గిట్టేది అర్ధరూపాయి, ఆ పైన కొంచెం చిల్లర. ఒకామె పువ్వులే అల్లుతుంది, ఇంకొకామె అతుకుపని చేస్తుంది. తయారైన బల్లగుడ్డ ఎలా ఉంటుందో పువ్వు అల్లినామెకి తెలియదు. దారం తెచ్చేది, సరుకు పట్టుకెళ్లేది ఏజెంటు. ఎగుమతి చేసేది మగవాళ్లు. సరుకు విదేశాలకి పోతున్నా అల్లేవాళ్లు మాత్రం "గృహిణులు". ఆ ఒక్క మాటతో వాళ్ల గంటలకి లెక్క లేకుండా పోయింది.

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువగా నిలబెట్టేసింది కులం సంగతి. పొలం పనికెళ్లే దళిత స్త్రీలు లేసు అల్లే కాపు స్త్రీల కంటే ఎక్కువ కూలి తెచ్చుకుంటున్నారు. బయట తిరుగుతున్నారు, నలుగురూ కలిసి కూలి రేటు గురించి మాట్లాడుకుంటున్నారు. గడప దాటకపోవడమే పరువుగా బతికిన స్త్రీలు ఆ పరువు కోసం తక్కువ కూలికి ఒప్పుకున్నారు. గోషా ఉంది కాబట్టి ఇంత చవగ్గా పనిచేసే చేతులు వ్యాపారికి దొరికాయి. శ్రమ గురించి మనం రాసేటప్పుడు స్త్రీలందర్నీ ఒకే గాటన కట్టేయడం ఎంత తేలికో కదా!

మా అమ్మమ్మ కూడా లేసు అల్లింది. ఎసరు మరిగేలోగా నాలుగు పువ్వులు, పాలు కాగేలోగా రెండు. ఆ డబ్బు బియ్యం డబ్బాలో దాచి మా అమ్మని టీచరు ట్రైనింగ్ చదివించింది. "నీకేం పనే, ఇంట్లో కూర్చునే కదా" అనేవాడు తాతయ్య. అమ్మమ్మ నవ్వి ఊరుకునేది. డబ్బా సంగతి ఆయనకి చెప్పలేదు.

నాకున్న సరదా వేరు. అమెరికాలో ఉన్న మేనత్త కూతురు చెక్కపిడి ఉన్న కొక్కెం ఒకటి పంపింది. గోనెపట్టాని చట్రానికి బిగించి, ఉన్ని గుడ్డ పీలికల్ని కింద నుంచి పైకి ఉచ్చులుగా లాగడమే పని. ముతక బొమ్మలు, మాసిన రంగులు. ఆ పద్ధతికి "ప్రిమిటివ్" అని పేరు. రాజమండ్రి ఎండల్లో ఒళ్లో ఉన్ని పెట్టుకుని కూర్చునేదాన్ని చూసి ఇంట్లోవాళ్లు నవ్వుతారు. ఏలూరులో తరతరాలుగా ఉన్ని తివాచీలు నేస్తున్నారు, అప్పుడు నవ్వనివాళ్లు!

ఈ పనీ లేమిలోంచే పుట్టింది. కెనడా తూర్పు తీరంలో, న్యూ ఇంగ్లండులో పేద ఇళ్ల ఆడవాళ్లు చిరిగిన బట్టల్తో ఇలా పట్టాలు చేసుకునేవాళ్లు. కిందపరుపుకి వాడింది గోనె. ఆ జనుము మన బెంగాల్‌లో పండి, చాలావరకు స్కాట్లాండులోని డండీ మిల్లుల మీదుగా ప్రపంచమంతా తిరిగింది. న్యూఫౌండ్‌లాండులో గ్రెన్‌ఫెల్ మిషన్‌కి 1906లో జెస్సీ లూథర్ అనే చేతిపనుల టీచరు వచ్చింది. అక్కడి జాలరి ఇళ్ల ఆడవాళ్ల పట్టాలు మిషన్ ఇచ్చిన నమూనాలతో, మిషన్ పేరుతో అమ్ముడయ్యాయి. నర్సాపురం గుర్తొస్తుంది కదూ? అదే సూది, అదే మిషన్, అదే దూరపు బజారు. ఆ తర్వాత అవసరం తీరిన ఇళ్లలో ఆ పని హాబీ అయింది.

నాకు ఆ కొక్కెం పట్టుకుంటే హాయిగా ఉంటుంది. దాన్ని దాచుకోవాలని లేదు. నెల జీతం వస్తుంది, ఎప్పుడు విసుగేస్తే అప్పుడు పక్కన పడేస్తాను, బొమ్మ నాది, పూర్తయ్యాక చూసేదీ నేనే. అమ్మమ్మకి ఈ నాలుగూ లేవు. అయినా ఆవిడ అల్లికని ఉత్త బాధగా రాయడానికీ నాకు చెయ్యి రాదు. గుండ్రంగా వచ్చిన పువ్వుని ఆవిడ వెలుతురుకి పెట్టి చూసుకోవడం నేను చూశాను.

2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి రక్షణ దొరికింది, మంచిదే. పువ్వుకి ఎంత, అతుకుకి ఎంత అన్నది ఆ గుర్తింపు తేల్చేది కాదు.

నా పట్టా అంచున సుద్దముక్కతో గంటలు రాసుకుంటున్నాను. నిన్నటికి 61. చేప తోక ఇంకా మిగిలింది.