ఏటి ఒడ్డు ఊళ్ళు, చెరువు కట్ట చరిత్ర

నదీతీరపు ఊళ్ళు అనగానే మనకు రాజమహేంద్రవరం, ధర్మపురి, మంథని, అమరావతి స్ఫురిస్తాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పేర్లు ఎవరికీ తట్టవు. ఒకప్పటి వరంగల్లు జిల్లాలోని ఈ మూడు ఊళ్ళూ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. గడచిన మాఘమాసంలో విశ్రాంత ఉపాధ్యాయులం ముగ్గురం కలిసి జనగామలో బయలుదేరి, ఈ మూడు జిల్లాల మీదుగా కాళేశ్వరం దాకా కారులో వెళ్ళివచ్చాము. దారి పొడుగునా నన్ను వదలని ప్రశ్న ఒక్కటే. అంత పెద్ద గోదావరి ఉత్తరాన పారుతుండగా, ఈ సీమలోని రాజులూ కవులూ దాని ఒడ్డుకు పోక, వేసవి వస్తే ఇసుక తేలే చిన్న చిన్న ఏరుల పక్కన ఎందుకు స్థిరపడ్డారు?

ముందుగా మాటల సంగతి. తెలుగు పాఠం చెప్పిన నోటికి అది అలవాటు కదా! ‘నది’ సంస్కృతం నుండి వచ్చింది, ‘ఏరు’ మన ఇంటి మాట. ఈ సీమ ప్రవాహాల పేర్లు చూడండి: ఆకేరు, మున్నేరు, పాలేరు. వాటిలో కలిసేవి వాగులు. గోదావరిని మాత్రం ఉత్తర తెలంగాణ పల్లెల్లో నేటికీ ‘గంగ’ అంటారు. ఏరు నిత్యం పొలానికీ పశువుకూ అక్కరకు వచ్చేది, గంగ పర్వదినాన పోయి మునిగి వచ్చేది. నా ప్రశ్నకు సగం జవాబు ఈ పలుకుబడిలోనే ఉన్నది.

జనగామ జిల్లాలో మేము మొదట ఆగినది పాలకుర్తి. బసవపురాణాన్ని ద్విపదలో చెప్పి దేశికవితకు పీట వేసిన పాల్కురికి సోమనాథుని ఊరిది. అక్కడికి సమీపంలోనే బమ్మెర. పోతన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లు సీమవాడా అన్న వివాదం చదువరులకు తెలిసినదే, దాన్నిక్కడ తిరగదోడను. భాగవత అవతారికలోని ఒక్క విషయం మాత్రం గుర్తుచేస్తాను. చంద్రగ్రహణపు రాత్రి గంగకు వెళ్ళి స్నానం చేసి, ఇసుకతిన్నె మీద ధ్యానంలో ఉండగా రామభద్రుడు కనిపించాడని పోతన చెప్పుకొన్నాడు. ఆ గంగ కాశీ గంగ కాదు, గోదావరేనన్న వాదం ఒకటున్నది. ఇక్కడి పలుకుబడి విన్న తరువాత నాకూ అదే సబబనిపించింది. కవి హాలికుడై బతికాడని చెప్పే ఊరు చెరువు నీటి ఊరు, ఆయన గ్రహణస్నానానికి వెళ్ళినది గంగ. ఈ సీమ మనిషికి నీటితో ఉన్న రెండు రకాల చుట్టరికమూ అందులో కనిపిస్తుంది.

మహబూబాబాద్‌ను స్థానికులు ‘మానుకోట’ అంటేనే మనసుకు దగ్గరగా ఉంటుంది. ఆ ఊరికి చేరువలోనిదే కురవి. వీరభద్రస్వామి జాతరతో లోకానికి తెలిసిన ఈ ఊరు ఒకనాడు ముదిగొండ చాళుక్యుల స్థావరం. శాసనాలలో దీని పేరు ‘కొరవి’. ఇక్కడ లభించిన పదవ శతాబ్దపు శాసనంలో తెలుగు వచనం సాగిన తీరు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నన్నయ భారతానికి పూనుకొన్నది పదకొండవ శతాబ్దిలో. అంతకు ముందే రాజకీయ వృత్తాంతాన్ని తెలుగు వచనంలో చెప్పగలిగిన వారు ఈ ఏటి సీమలో ఉన్నారన్నమాట.

ఇక బయ్యారం. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే విలువైన చోటు ఇదే. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలమాంబ పదమూడవ శతాబ్దంలో ఇక్కడ ఒక చెరువు తవ్వించి ధర్మకీర్తిసముద్రమని పేరు పెట్టింది. కట్ట మీద వేయించిన శాసనంలో తన పుట్టింటి వంశావళిని చెప్పించింది. దుర్జయ వంశానికి చెందిన వెన్నరాజు ‘కాకతి’ అన్న పట్టణం నుండి పాలించాడనీ, అందుకే ఆయన వారసులకు ఆ పేరు వచ్చిందనీ మనకు తెలిపినది ఈ శాసనమే. ఆ తరువాతి గుండరాజుల, ఎఱ్ఱరాజు పేర్లూ ఈ శాసనంలో ఉన్నాయి. ఒక ఆడపడుచు చెరువు తవ్వించి ఉండకపోతే కాకతీయుల తొలి తరాల గురించి మనకు తెలిసినది ఇంకా తక్కువే అయ్యేది. మనం చరిత్రను కోటలలో వెదుకుతాం. ఇక్కడ అది చెరువు కట్ట మీద దొరికింది. చెరువు ఈనాటికీ పంట పండిస్తూనే ఉన్నది.

ఇక్కడ ‘సముద్రం’ అంటే చెరువే. ఊరి పేరులోనే సముద్రమున్న కేసముద్రం కూడా ఈ జిల్లాలోనిదే. చిన్న నీళ్ళని తేలికగా చూడరాదని చెప్పిన ఊరది. 2024 సెప్టెంబరు 1 నాటి వరదకు కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల నడుమ రైలుపట్టాల కింది మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అదే వానలకు ఆకేరూ మున్నేరూ ఒడ్డులు దాటి ఊళ్ళమీద పడ్డాయి.

అక్కడి నుండి పాకాల అడవుల అంచున ములుగు మీదుగా భూపాలపల్లి జిల్లాకు చేరాము. ఘనపురంలోని కోటగుళ్ళు కాకతీయుల నాటివే. ఒకే ఆవరణలో చిన్నవీ పెద్దవీ కలిపి ఇరవైకి పైగా ఆలయాలు, వాటి నడుమ గణపేశ్వరం. గుడి, చెరువు, ఊరు కలిపి ఒకే ఆలోచనగా కట్టడం కాకతీయ సామంతుల పద్ధతి. పక్క జిల్లాలోని రామప్ప కూడా అంతే. 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు గుడికి వచ్చింది కానీ, గుడిని పోషించినది చెరువు.

చివరకు కాళేశ్వరం. మహారాష్ట్ర వైపు నుండి ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది, సరస్వతి అంతర్వాహిని అని నమ్మకం. ఒకే పానవట్టం మీద యముడూ ముక్తీశ్వరుడూ రెండు లింగాలుగా పూజలందుకొంటారు. త్రిలింగాలలో ఇదొకటి. 2025 మే నెలలో ఇక్కడ సరస్వతీ పుష్కరాలు జరిగాయి.

ఈ మహానదిని లొంగదీయాలని మనిషి చేసిన యత్నాలు రెండు ఈ చుట్టుపట్లనే ఉన్నాయి. 1860లలో కెప్టెన్ హేగ్ ఆధ్వర్యంలో ఆంగ్లేయులు గోదావరిని పడవల దారిగా మార్చి, నాగపురం, బీరారు పత్తిని సముద్రతీరానికి చేర్చాలనుకొన్నారు. దుమ్ముగూడెం దగ్గర ఒకటి, కాళేశ్వరానికి దిగువన ఇంచంపల్లి దగ్గర మరొకటి పని మొదలుపెట్టారు. ఇంతలో రైలు నాగపురం చేరింది. ఖర్చు పెరిగింది. 1871లో పథకాన్ని విడిచిపెట్టారు. రెండవది మన కాలానిది. కాళేశ్వరానికి దిగువన మేడిగడ్డ బరాజును 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరు 21న అందులోని ఏడవ బ్లాకు స్తంభాలు కుంగాయి. తప్పెవరిదన్న చర్చ నా పరిధి కాదు. మహానది పక్కన నిలబడితే కలిగే భయభక్తులకు కారణం మాత్రం బోధపడింది.

నా ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఇది. గోదావరి లోతైన ఒడ్డుల మధ్య, పొలాలకు దిగువన పారుతుంది. ఆ నీటిని పైకి తేవడం రాజుకైనా కష్టమే. చిన్న ఏరు అలా కాదు. రెండు గుట్టల నడుమ మట్టికట్ట వేసి, తూము పెట్టి, మత్తడి కట్టి, ఒక చెరువు నిండాక పొర్లిన నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా అమర్చుకోవచ్చు. తూము ఎప్పుడు తీయాలో, ఎవరి మడికి ఎంత పారాలో చూడటానికి ఊరికొక నీరటి ఉండేవాడు. మైలమాంబ చెరువు ఎనిమిది వందల ఏండ్లు నిలిచినది కట్ట బలం వల్లనే కాదు, తరతరాలుగా దానిని కాచిన మనుషుల వల్ల.

ఆ మనుషులే ఇప్పుడు తగ్గిపోయారు. 2015లో మిషన్ కాకతీయ పేరిట చెరువుల పూడిక తీశారు, మంచిదే. అయితే పూడిక తీసినంతమాత్రాన నీరటి తిరిగి రాడు. శిఖం భూముల ఆక్రమణ ఆగదు. ఏ తూముకు ఏ పేరో చెప్పగలిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. శాసనాన్ని పరిష్కరించి ప్రకటించడానికి పండితులున్నారు. ఊరి నోట ఉన్నదానిని రాసిపెట్టేవారే కరువు.

అందుకే మిత్రులకు ఒక మనవి. కాళేశ్వరం తప్పక వెళ్ళండి, గంగలో మునగండి. దారిలో బయ్యారం కట్ట మీద మాత్రం ఒక్క గడియ నిలబడండి. మీ ఊరి ఏటి పేరూ, చెరువు పేరూ, తూముల పేర్లూ పెద్దలనడిగి మీ పుటలలో రాసిపెట్టండి. మైలమాంబ రాతి మీద చేయించిన పనిని మనం తెర మీద చేయవచ్చును.