కండెకు కూలెవరు కట్టారు?

చేనేతలో కూలి లెక్క చీరకో, పడుగుకో ఉంటుంది. ఇన్ని చీరలు దింపితే ఇంత. ఆ డబ్బు మగ్గం మీద కూర్చున్న మనిషి చేతికి వస్తుంది. కానీ గుంట మగ్గం ఒక్క మనిషితో నడవదు. చిలపల్లో వచ్చిన నూలు విప్పాలి, రాట్నం మీద కండెలు చుట్టాలి, పడుగు పోయాలి, గంజి పెట్టాలి, తెగిన పోగులు అతకాలి. నాడెలో ఒక కండె అయిపోయేలోపు రెండోది సిద్ధంగా ఉండాలి. ఇందులో ఎక్కువ భాగం భార్యో, తల్లో, కూతురో చేస్తారు. ఆవిడ ఏం పని చేస్తుందని అడిగితే మాత్రం, ‘ఇంట్లోనే ఉంటుంది’ అంటారు.

మాంచెస్టర్ బట్ట వచ్చి మన మగ్గాన్ని చంపేసింది అన్న కథ మనందరికీ తెలుసు. అందులో నిజం లేకపోలేదు. కానీ చట్టం మారినప్పుడల్లా, సుంకం మారినప్పుడల్లా దెబ్బ ముందు ఎవరికి తగిలిందో వెతికితే, మగ్గం పక్కనున్న రాట్నం దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో దిగింది. డచ్చివాళ్లు అంతకు కొన్నేళ్ల ముందే వచ్చారు. కోరమాండల్ తీరం అద్దకం బట్ట, కలంకారీ లండన్‌లో ఎంత మోజుగా అమ్ముడుపోయాయంటే అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1700లో పార్లమెంటు ఒక చట్టం చేసి, రంగు వేసిన, అచ్చు వేసిన తూర్పుదేశాల బట్టను ఇంగ్లండ్‌లో వాడకూడదంది. అది చాలలేదు. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లోకొచ్చి కాలికో గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చించారు. 1721లో నిషేధం ఇంకా బిగిసింది. తమ పొట్ట కొడుతున్న వ్యాపారాన్ని ఆపించుకోవడానికి ఆ నేతగాళ్లకు కనీసం ఒక పార్లమెంటు ఉంది. కృష్ణా డెల్టా పల్లెలకు అలా మొరపెట్టుకునే చోటే లేదు.

అప్పట్లో నేసేది కొన్ని కులాలవాళ్లే అయినా, నూలు వడికే ఆడవాళ్లు చాలా కులాల్లో ఉండేవాళ్లు. ఒక మగ్గాన్ని ఖాళీ లేకుండా నడపాలంటే ఎన్నో కదుళ్లు తిరగాలి. పొలం పనుల్లేని రోజుల్లో, వంటా వార్పూ అయ్యాక, ఏకులు ముందేసుకుని కూర్చుంటే నాలుగు డబ్బులు వచ్చేవి. భర్త పోయిన ఆడవాళ్లకు గడప దాటకుండా దొరికే సంపాదన ఇదొక్కటే అయిన ఇళ్లూ ఉన్నాయి.

1813 చార్టర్ చట్టంతో భారతదేశ వ్యాపారం మీద కంపెనీ గుత్తాధిపత్యం పోయింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో లాంకషైర్ బట్టతో పాటు లాంకషైర్ నూలు కూడా దిగింది. నేతగాడికి ఇది రెండువైపులా పదునున్న కత్తి. మిల్లు బట్ట అతని సంతను లాక్కుంది, మిల్లు నూలు అతని ఖర్చు తగ్గించింది. మగ్గం ఇన్నేళ్లు బతికి ఉండటానికి ఆ చవక నూలు కూడా ఒక కారణం. వడికే ఆవిడకు మాత్రం అందులో ఏ వైపూ లాభం లేదు. ఆమె చేసే వస్తువునే మిల్లు అంతకన్నా చవగ్గా చేస్తోంది. కదురు ఆగిపోయింది. ఆ నాలుగు డబ్బులు ఏ లెక్కల పుస్తకంలోనూ లేవు కాబట్టి పోయినట్టూ ఎక్కడా రాయలేదు.

1882లో విదేశీ బట్ట మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. ఖజానాకు డబ్బు కావాల్సి వచ్చి 1894లో మళ్లీ పెట్టారు. లాంకషైర్ ఒప్పుకోలేదు. చివరికి 1896లో దిగుమతి బట్ట మీద మూడున్నర శాతం సుంకం వేసి, దానికి సమానంగా మన మిల్లుల బట్ట మీదా మూడున్నర శాతం ఎక్సైజు వేశారు. నూలుకు సుంకం లేదు. ఈ ఎక్సైజు మీద మన దేశంలో ముప్పై ఏళ్లు గొడవ జరిగింది, 1926లో రద్దయింది. న్యాయమైన గొడవే. కాకపోతే అందులో వాదులాడింది లాంకషైర్ మిల్లు, బొంబాయి మిల్లు. నూలు వడికే మనిషి ఆ వ్యాజ్యంలో కక్షిదారు కాదు.

ఆవిడను మళ్లీ చర్చలోకి తెచ్చింది గాంధీ. చరఖాను ఇవాళ మనం ఒక గుర్తుగానే చూస్తాం గానీ, దాని వెనక కూలి లెక్క ఒకటుంది. 1935లో, వడికేవాళ్లకు బతకడానికి సరిపడా కూలి ఇవ్వాల్సిందేనని గాంధీ పట్టుబట్టాడు. అలాగైతే ఖద్దరు ధర పెరుగుతుంది, కొనేవాళ్లు తగ్గుతారని సొంత మనుషులే అన్నారు. అయినా అఖిల భారత చరఖా సంఘం ఆ దారిలో తీర్మానం చేసింది. బట్ట ధర మాట్లాడుతున్నామంటే ఆడవాళ్ల కూలి మాట్లాడుతున్నామని ఒక సంస్థ పైకి ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్న నూలు వడికే ఆడవాళ్లున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వాలు చేనేతను పట్టించుకోలేదనడం తప్పు. స్పిన్నింగ్ మిల్లులు అమ్మే నూలులో సగం చిలపల రూపంలోనే ఇవ్వాలని నియమం పెట్టారు. కోన్ల మీద వచ్చే నూలు పవర్‌లూమ్‌కు పోతుంది, చిలప నూలు చేతిమగ్గానికి అందుతుందని లెక్క. 1985 చట్టంతో 22 రకాల బట్టను చేనేతకే కేటాయించారు. తర్వాత ఆ 22 రకాలు 11 అయ్యాయి. చిలప నూలు వాటా 50 శాతం నుంచి 2003లో 40కి, 2019లో 30కి దిగింది. ఈలోపు 1991లో నూలు ధర విపరీతంగా పెరిగి ప్రకాశం, గుంటూరు జిల్లాల నేత ఊళ్ల నుంచి ఆకలి చావుల వార్తలు వచ్చాయి.

నూలు ధర పెరిగితే ఇంట్లో ఏమవుతుంది? షావుకారు ఆ పెరిగిన ధరను చీర రేటులో పూర్తిగా రాబట్టుకోలేడు, కూలిలో నొక్కుతాడు. కూలి తగ్గితే అదే తిండి తినడానికి ఇంకో చీర నేయాలి. ఇంకో చీరంటే ఇంకొన్ని కండెలు. ఆ కండెలు చుట్టేది తెల్లవారుజామున లేచిన భార్య, లేదా బడి మానిన కూతురు. ఎగుమతి విధానంలో వచ్చిన మార్పు ఆ పిల్ల హాజరుపట్టీలో కనిపిస్తుంది. జీతం లేని చేతులు ఇంట్లో ఉన్నాయి కాబట్టే ధరల దెబ్బకు మగ్గం వెంటనే కూలిపోలేదు.

‘మల్లేశం’ సినిమా చూసినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. పోచంపల్లి రకం చీరకు ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ, చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. నాలుగైదు గంటల పని. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నన్ను ఆలోచింపజేసేది ఆ యంత్రం కన్నా అది రావడానికి పట్టిన కాలం. నాడె విసిరే పనిని తేలిక చేసే ఫ్లై షటిల్ మన దగ్గరికి ఎప్పుడో వచ్చింది. ఆసు మాత్రం ఒక కొడుకు కంటపడేదాకా ఎవరికీ సమస్యగా తోచలేదు.

ఇదొక్క మగ్గానికే పరిమితం కాదు. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ 1982లో ఒక పుస్తకం రాసింది. వాళ్లు అల్లిన లేసు దేశదేశాలకు పోతుంది. కానీ వాళ్లను ‘గృహిణులు’ అని, వాళ్ల పనిని ‘తీరిక వేళ పని’ అని పిలవడం వల్లే అంత తక్కువ కూలి చెల్లుబాటయిందని ఆమె వాదన. కండె చుట్టే ఆవిడకు ఆ పాటి కూలి కూడా విడిగా రాదు.

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో సుమారు 35 లక్షల మంది ఈ పనిలో ఉన్నారు. వాళ్లలో 72 శాతం ఆడవాళ్లు. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల ఇళ్ల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపే. 2017లో జీఎస్టీ వచ్చి నూలు మీదా బట్ట మీదా 5 శాతం పడింది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నేతన్న నేస్తం కింద ఏడాదికి 24,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ డబ్బు ఎన్నో ఇళ్లను అప్పుల నుంచి కాస్త తెరిపిన పడేసి ఉంటుంది. కానీ అది ఇచ్చింది సొంత మగ్గం ఉన్న ఇంటికి. షావుకారు షెడ్డులో నేసేవాళ్లకు, పక్కింటి మగ్గానికి కండెలు చుట్టి పెట్టే ముసలావిడకు సొంత మగ్గం ఎక్కడిది? పథకం పేరులో కూడా ఉన్నది నేతన్నే.

ఇప్పుడు నేత ఊళ్లలో తరచూ వినిపించే మాట: పిల్లలు చదువులకు పోయారు, చేతి సాయం లేదు, మగ్గం దించేశాం. దీన్ని మనం పట్నంలో కూర్చుని ‘కళ అంతరించిపోతోంది’ అని బాధగా చదువుకుంటాం. ఆ కళ నిలబడటానికి ఇన్నాళ్లూ ఒక ఆడపిల్ల చదువు మానాల్సి వచ్చిందన్నది ఆ వాక్యంలో ఉండదు. మగ్గమూ ఉండాలి, ఆ పిల్లా బడికి పోవాలి అంటే కండె చుట్టడానికి, ఆసు పోయడానికి విడిగా కూలి కట్టాలి. కడితే చీర ధర పెరుగుతుంది. 1935లో గాంధీకి చెప్పిన అభ్యంతరం కూడా ఇదే. ఆ పెరిగిన ధరలో ఎంత మనం మోయాలి, ఎంత ప్రభుత్వం మోయాలి అన్నది వాదించుకోవచ్చు. ఇప్పటిదాకా అంతా ఆ ఇంటి ఆడవాళ్లే మోశారు.