రాతికెక్కని పేరు



మీ సంఘపు పుస్తకమును ఒకసారి తెరచి చూడుడి. బాప్తిస్మము పొందినవారు, పెండ్లియైనవారు, ప్రభువునందు నిద్రించినవారు వరుసగా అందులో కనబడుదురు. ఆసామి పేరును కూలివాని పేరును ఒకే సిరాతో వ్రాయబడియుండును. యుద్ధములో చనిపోయినవారికి ఈ చిన్న న్యాయము జరుగుటకు ఎంతకాలము పట్టెనో, అది ఎక్కడ తప్పిపోయెనో నేడు ఆలోచింతము.

పూర్వము యుద్ధము ముగిసిన తరువాత సేనాధిపతులకు విగ్రహములు నిలుపుచుండిరి. సామాన్య సిపాయిలను తరచుగా అందరినీ ఒకే గోతిలో పూడ్చుచుండిరి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమైనప్పుడు ఫేబియన్ వేర్ అను ఆంగ్లేయునికి 45 ఏండ్లు. వయస్సు మీరినందున ఆయనకు సైన్యములో చోటు దొరకలేదు. ఆయన రెడ్‌క్రాసు మోటారు బండ్లతో ఫ్రాన్సు దేశమునకు వెళ్లి గాయపడినవారికి సహాయము చేసెను. అక్కడ చనిపోయినవారి గోతులకు సరియైన లెక్క లేకపోవుట చూచి, ఒక్కొక్కని పేరును, పాతిపెట్టిన చోటును వ్రాయించుట మొదలుపెట్టెను. 1915 అక్టోబరు నాటికి 31,000కు పైగా సమాధులు ఆ లెక్కకెక్కెను. 1917లో ఈ పనికొరకే యుద్ధ సమాధుల కమిషను ఏర్పడెను.

ధనికుడు తన కుమారుని దేహమును ఇంటికి తెప్పించుకొనగలడు. పేదతల్లి ఏమి చేయగలదు? కాబట్టి ఎవరి దేహమును స్వదేశమునకు తీసికొని పోరాదని కమిషనువారు నిశ్చయించిరి. అధికారికిని సిపాయికిని ఒకే కొలత రాయి, ఎత్తు 2 అడుగుల 8 అంగుళములు. దానిమీద కుటుంబమువారు 66 అక్షరములకు మించకుండ తమ మాట చెక్కించుకొనవచ్చును. దేహము దొరకనివారి పేర్లను గోడలమీద చెక్కించిరి. ఫ్రాన్సులో న్యూ షాపెల్ వద్ద 1927లో కట్టిన స్మారకము 4,700 మందికి పైగా భారతీయులను జ్ఞాపకము చేయుచున్నది. సిపాయి పేరును అక్కడ రాతిమీద చదువవచ్చును.

అయితే మన దేశపు సిపాయిలు ఫ్రాన్సులో మాత్రమే చనిపోలేదు. నేటి ఇరాకును ఆ దినములలో మెసపొటేమియా అనిరి. అక్కడ ఎండకును, జ్వరమునకును, తుపాకి గుండ్లకును వేలమంది భారతీయులు బలియైరి. రోడ్లు, వంతెనలు వేయు మద్రాసు శాపర్ల దళములును అక్కడ పనిచేసెను. వాటిలో తమిళులతోకూడ తెలుగు పల్లెల బిడ్డలును చేరుచుండిరి.

1929లో బస్రా వద్ద స్మారకము ఆవిష్కరించిరి. బ్రిటిషు సైనికునికి పేరు చెక్కిరి. భారతీయ అధికారికి పేరు చెక్కిరి. సామాన్య భారతీయ సిపాయికి? పటాలము పేరు క్రింద ‘ఇంతమంది’ అను సంఖ్య మాత్రమే! కమిషను ఒక్కటే, నియమము ఒక్కటే. అయినను ఫ్రాన్సులో పేరు పొందినవాని తోడివాడు బస్రాలో అంకెయై పోయెను.

నూరేండ్ల తరువాత, 2021లో, ఆ కమిషను తన పాత కాగితములను తానే పరీక్షింపజేసెను. 45,000 మొదలు 54,000 వరకు భారతీయులు, ఆఫ్రికావారు మొదలైనవారు ఇతరులతో సమానముగా స్మరింపబడలేదని తేలెను. కనీసము మరి 1,16,000 మంది, బహుశా 3,50,000 వరకు, ముఖ్యముగా తూర్పు ఆఫ్రికావారును ఐగుప్తీయులును పేరుతో స్మరింపబడనే లేదు. ఆనాటి పాలకుల వివక్షయే కారణమని కమిషను ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. తప్పు ఒప్పుకొనుట ఆలస్యమైనను మేలే. కాని ఆ మాట వినుటకు ఆ తల్లులు లేరు.

తప్పిపోయిన గొర్రెను వెదకబోయిన కాపరి కథ మనకు చిన్ననాటినుండి తెలియును. తొంబదితొమ్మిది మిగిలినవి, చాలునని అతడు ఊరకుండలేదు. యుద్ధము మనుష్యుని అంకెగా మార్చును. ప్రేమ ఆ అంకెను మరల పేరుగా మార్చును.

మీ గ్రామమునుండి పటాలమునకు పోయి తిరిగి రానివారు కలరా? ఇంటి వృద్ధులను అడుగుడి. ముత్తాత నాటి పతకమొకటి ఏ పెట్టె అడుగుననో ఉండవచ్చును. ఆ మొదటి యుద్ధపు పతకము అంచును తుడిచి చూడుడి. సిపాయి నంబరు, పేరు, దళము అక్కడ సన్నని అక్షరములతో చెక్కబడియుండును. ఆ పేరును సంఘపు పుస్తకములో వ్రాయుడి. రాబోవు ఆదివారమున దానిని అందరు వినునట్లు ఒక్కసారి బిగ్గరగా చదువుడి.