పాలీసిస్టిన్లు

మూత్రపిండాల్లోని సన్నని నాళికల గోడ కణాల్లో జతగా పనిచేసే రెండు ప్రోటీన్లను పాలీసిస్టిన్లు అంటారు. పాలీసిస్టిన్-1 గ్రాహకంలా కణపు పొరలోంచి బయటికి పొడుచుకుని ఉండే భారీ ప్రోటీన్; పాలీసిస్టిన్-2 కాల్షియం వంటి అయాన్లను పోనిచ్చే ద్వారం. ఈ జతలో ఏది దెబ్బతిన్నా కణాలు అదుపు తప్పి విభజన చెందుతూ ద్రవాన్ని స్రవిస్తాయి. నాళికలు ఉబ్బి నీటితిత్తులవుతాయి. పెద్దల్లో వంశపారంపర్యంగా వచ్చే పాలీసిస్టిక్ కిడ్నీ వ్యాధి చాలావరకు ఇలా పుట్టేదే.

వ్యాధి మూలం 16వ క్రోమోజోమ్‌లో ఉందని 1985లోనే తెలిసినా అసలు జన్యువు దొరకడానికి తొమ్మిదేళ్లు పట్టింది. దాన్ని పోలిన నకళ్లు అదే క్రోమోజోమ్‌లో ఉండటంతో చదవడం కష్టమైంది. చివరికి ఒక పోర్చుగీసు కుటుంబంలో 16, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైన చోటు దారి చూపింది. 1994లో ఐరోపా పరిశోధకులు పీకేడీ1 జన్యువును గుర్తించారు. 4వ క్రోమోజోమ్‌లోని పీకేడీ2 1996లో బయటపడింది. మరుసటి ఏడాదే ఈ రెండు ప్రోటీన్ల తోకలు ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయని ప్రయోగశాలలో తేలింది. రెండు వేర్వేరు జన్యువుల లోపాలు ఒకే వ్యాధిని ఎందుకు తెస్తాయో అప్పుడు అర్థమైంది.

ఇవి కణంలో ఎక్కడ పనిచేస్తాయన్న ప్రశ్నకు తొలి సూచన ఒక సూక్ష్మమైన పురుగు నుంచి వచ్చింది. మగ పురుగుల్లో పీకేడీ1ను పోలిన జన్యువు చెడితే జతకూడటం దెబ్బతింటుందనీ, దాని ప్రోటీన్ నాడీకణాల శైలికల్లో, అంటే కణం మీద వెంట్రుకలా పొడుచుకుని ఉండే భాగాల్లో, ఉంటుందనీ 1999లో కనుగొన్నారు. మూత్రపిండ కణాల మీద కూడా ఒక్కో శైలిక ఉంటుంది. 1898లోనే శాస్త్రవేత్త జిమ్మర్‌మాన్ దాన్ని వర్ణించినా, అది పనికిరాని అవశేషమని దాదాపు శతాబ్దంపాటు కొట్టిపారేశారు. మూత్ర ప్రవాహానికి శైలిక వంగినప్పుడు పాలీసిస్టిన్లు కాల్షియాన్ని లోనికి రానిస్తాయని 2003లో ప్రతిపాదించారు. ఆకర్షణీయమైన ఈ వివరణ నిలుస్తుందో లేదో ఇంకా తేలలేదు. శైలికలో అలాంటి కాల్షియం స్పందన కనబడలేదని 2016లో మరో బృందం చూపింది. ఒక పాలీసిస్టిన్-1తో మూడు పాలీసిస్టిన్-2లు కూడి ఒకే సముదాయంగా ఉంటాయని 2018 నాటి నిర్మాణ చిత్రం వెల్లడించింది.

చికిత్సకు దారి వేరే గ్రాహకం నుంచి దొరికింది. వాసోప్రెసిన్ హార్మోన్‌ను అందుకునే వీ2 గ్రాహకం కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఈ అణువు విభజనను అణచి ఉంచుతుంది. పాలీసిస్టిన్ లోపించి కాల్షియం తగ్గిన కణంలో మాత్రం విభజనను, ద్రవస్రావాన్ని ఎగదోస్తుంది. వీ2ను అడ్డుకుంటే ఎలుకల్లో తిత్తుల పెరుగుదల తగ్గుతుందని 2003లో తెలిసింది. ఆ కోవకు చెందిన టోల్వాప్టాన్ అనే మందును ఈ వ్యాధికి జపాన్ 2014లో, అమెరికా 2018లో అనుమతించాయి. అది వ్యాధిని నయం చేయదు, నెమ్మదింపజేస్తుంది. విపరీతమైన దాహం, పదేపదే మూత్రవిసర్జన తప్పవు. కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉన్నందున క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయించాలి.