వాణిశ్రీ: కొప్పు వెనుక కథానాయిక

తెలుగు సినిమాలో 1970ల దశకాన్ని అలంకారంలోనూ అభినయంలోనూ తనదిగా చేసుకున్న నటి వాణిశ్రీ. అసలు పేరు రత్నకుమారి, పుట్టిన ఊరు నెల్లూరు. 1960లలో చిన్నాచితకా వేషాలతో, హాస్య పాత్రలతో మొదలై, ‘మరపురాని కథ’ (1967), ‘సుఖదుఃఖాలు’ (1968) చిత్రాలతో గుర్తింపు పొందారు. 1971లో ‘దసరా బుల్లోడు’, ‘ప్రేమనగర్’ రెండూ రావడంతో అగ్రతార అయ్యారు. ఎత్తయిన కొప్పు, చేతుల్లేని జాకెట్టు, తీర్చి కట్టిన చీర ఆమె పేరుతోనే చలామణి అయ్యాయి. ఆమెకు దక్కిన బిరుదు మాత్రం కళాభినేత్రి. ఆ బిరుదునూ ఆ కొప్పునూ విడదీసి చూడటం వల్లే ఆమెకు చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు.

ఆ అలంకారం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే దర్జీ దుకాణం కన్నా ముందు నవలల వైపు చూడాలి. ‘ప్రేమనగర్’ కోడూరి కౌసల్యాదేవి నవల. ‘విచిత్రబంధం’ (1972), ‘జీవన తరంగాలు’ (1973), ‘సెక్రటరీ’ (1976) చిత్రాలకు ఆధారం యద్దనపూడి సులోచనారాణి నవలలు. వాటిలోని నాయిక చదువుకున్నది, అభిమానం గలది. ‘ప్రేమనగర్’లో లత మొదట ఎయిర్‌హోస్టెస్, తర్వాత జమీందారు కొడుకు దగ్గర సెక్రటరీ. దొంగతనం నింద మోపితే ఆ మేడనే వదిలి వెళుతుంది. జీతం తీసుకున్నా తల వంచని మనిషి తెరమీద ఎలా కనిపించాలన్న ప్రశ్నకు వాణిశ్రీ నిటారైన నడక, ఎత్తిన కొప్పు జవాబు. ‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్’ (1961)లో ఆడ్రీ హెప్‌బర్న్ నల్ల గౌను ప్రపంచాన్ని ఆకట్టుకుంది గానీ, జమ్మికుంట లాంటి పత్తి మార్కెట్టు పట్టణంలో ఆ గౌను వేసుకునేదెవరు? వాణిశ్రీ తీరు చీరను దాటలేదు. ఇంట్లో ఉన్న చీర, నాలుగు పిన్నులు, కాస్త ఓపిక ఉంటే చాలు. ఎవరికి వారు తమ అద్దంలో దాన్ని అందుకోగలిగారు.

ఆ కొప్పు మన సొంతం కాదు కదా, హిందీ తారలు అప్పటికే పెట్టారు కదా అని అనవచ్చు. నిజమే. ఎత్తు కొప్పు 1960లలో దేశదేశాల ఫ్యాషన్. అయితే అలంకారానికి అర్థమిచ్చేది అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాదు, ఎవరి కథలో చేరిందన్నది. ఇక్కడ అది ఉద్యోగం చేసే స్త్రీ తలమీద నిలిచింది. ఇంతకన్నా బరువైన ఆక్షేపణ, సింగారం నటనను మింగేసిందన్నది. కొన్ని చిత్రాల్లో పేదింటి పిల్లకు కూడా ఖరీదైన సింగారం తప్పలేదు, ఆ లోపం ఒప్పుకోవాలి. కానీ ‘కృష్ణవేణి’ (1974) చూడండి. పుట్టణ్ణ కణగాల్ కన్నడ చిత్రం ‘శరపంజర’కు తెలుగు రూపం అది. దాని మూలం త్రివేణి నవల, అంటే మళ్లీ ఒక రచయిత్రి సృష్టే. మతి చెదిరిన ఇల్లాలిగా వాణిశ్రీ అందులో తన అందానికి ఉన్న భద్రతనంతా వదులుకున్నారు. కె. విశ్వనాథ్ ‘జీవన జ్యోతి’ (1975)లో తల్లీకూతుళ్లుగా రెండు పాత్రలు పోషించారు. బాపు ‘భక్త కన్నప్ప’ (1976)లో అడవిబిడ్డ. కొప్పు లేదు, పట్టు చీర లేదు, అయినా చూపు ఆమె మీద నుంచి కదలదు. ‘జీవన తరంగాలు’, ‘కృష్ణవేణి’, ‘జీవన జ్యోతి’ వరుసగా మూడేళ్లు ఆమెకు ఉత్తమ నటిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలు తెచ్చాయి. సింగారానికే అయితే ‘కృష్ణవేణి’కి బహుమతి వచ్చేది కాదు.

పెళ్లి తర్వాత కొన్నేళ్లు తెరకు దూరంగా ఉండి, ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’ (1989)లో పొగరుబోతు అత్తగా తిరిగి వచ్చారు. మరుసటి ఏడాది ‘బొబ్బిలి రాజా’లో మంత్రి రాజేశ్వరీదేవి. ‘ప్రేమనగర్’ తీసిన సురేష్ ప్రొడక్షన్స్‌దే ఆ చిత్రమూ. జమీందారు మేడలో జీతానికి పనిచేసిన లత, పంతొమ్మిదేళ్ల తర్వాత అదే సంస్థ చిత్రంలో ఆజ్ఞలు జారీ చేసే కుర్చీలో కూర్చుంది.